పాత పెట్టె కొనాలంటే: ఇత్తడా, చెక్కా, బిద్రీనా, రేకు డబ్బానా?

పోయిన దసరా సెలవుల్లో జడ్చర్ల నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, కొత్తింట్ల హాల్ల పెట్టనీకి ఒక పాత పెట్టె కొందామనుకుంటున్న, ఇత్తడిది మంచిగుంటదా చెక్కది మంచిగుంటదా" అని. నేను అడిగిన మొదటి మాట "దాంట్ల ఏం పెడ్తవ్?" అని. "ఏం పెట్ట, ఊకె చూడనీకే" అంది. అక్కడే మా ఇద్దరికీ అరగంట వాదన నడిచింది, ఆ వాదనలో చెప్పినవీ చెప్పలేకపోయినవీ అన్నీ ఇక్కడ రాస్తున్నా.

నా లెక్క ఇది. పాత పెట్టెని రోజుకొకసారైనా తెరవాలి. తెరిచేవాళ్లకే మూత బందు వదులైన సంగతి, మూలకు పురుగు పట్టిన సంగతి, అడుగున చిలుము లేచిన సంగతి ముందుగా తెలుస్తాయి. షోకేసులో పెట్టి అద్దం మూసేస్తే మూడేళ్లకు తీసి చూసేసరికి మూత ఒకటి, పెట్టె ఒకటి అయి ఉంటాయి. కాబట్టి ఏ రకం కొనాలన్నది అందం చూసి కాదు, అది మీ ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది, దాంట్లో మీరు ఏం దాస్తారు అన్నది చూసి తేల్చుకోండి.

ఇంకో మాట, కొనడానికి బయల్దేరే ముందు మీ అమ్మమ్మ ఇంటి అటక, నాయనమ్మ ఇంటి వెనక కొట్టం ఒకసారి వెతకండి. మా అమ్మమ్మది దేవరకొండ వైపు పల్లె. ఆమె పాందాన్ ఇప్పుడు నా దగ్గరుంది. గుండ్రటి ఇత్తడి పెట్టె, పైన గుమ్మటం లాంటి మూత. మూత తీస్తే ముందు ఒక పళ్లెం, తడిబట్టలో చుట్టిన తమలపాకులు అందులో ఉండేవి. పళ్లెం ఎత్తితే కింద ఏడు చిన్న గిన్నెలు, ఒక్కోదానికి ఒక్కో మూత, వక్కలకు ఒకటి, కాచుకు ఒకటి, సున్నానికి, లవంగాలకు, యాలకులకు... సున్నం గిన్నె అంచున తెల్లటి గట్టి పొర ఇప్పటికీ ఉంది, నేను గీకలేదు. బందులో మేకు ఎప్పుడో ఊడిపోతే ఎవరో సైకిల్ పుల్ల ముక్క వంచి వేశారు, అది కూడా తీయలేదు. ఆమె బిందెలు, చెంబులు, గంగాళం అన్నీ మా మేనమామ వీధిలోకి వచ్చిన పాత సామాన్లాయనకు కాంటా మీద తూకం వేసి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్నాడు. పాందాన్ ఒక్కటి మంచం కింద ఉండబట్టి మిగిలింది. మీ ఇళ్లలో కూడా ఇట్లా ఒకటో రెండో మిగిలే ఉంటాయి, అడిగితే తప్ప బయటికి రావు.

సరే, కొనక తప్పదు అనుకుందాం. ముందు ఇత్తడి.

రోజూ చేతులు పడే చోటుకు ఇత్తడిని మించింది లేదు. పడినా సొట్ట పోతుందే తప్ప పగలదు, చెదలు పట్టవు, మూడు తరాలు వాడినా నిలుస్తుంది. పూజగదిలో పసుపు కుంకుమలకు, హాల్లో తాళంచెవులకు, వంటింట్లో లవంగం, దాల్చినచెక్కకు బాగుంటుంది. పులుపు తగిలేది మాత్రం కళాయి లేని ఇత్తడిలో పెట్టకండి. దీనితో ఉన్న చిక్కల్లా ఒకటే, కొత్తదాన్ని పాతదని అమ్మడం ఇత్తడిలో ఉన్నంత సులువు మరెందులోనూ లేదు.

ఈ దెబ్బ నేను తిన్నా. హైదరాబాద్‌లో ఒక కొట్టులో నూరేళ్లనాటి నగల పెట్టె అని చెప్పి ఇచ్చారు, చూడటానికి ముదురు గోధుమరంగులో ఎంతో బాగుంది. ఇంటికొచ్చి కొబ్బరినూనె చుక్క వేసి మెత్తటి బట్టతో తుడిస్తే బట్టంతా బూటుపాలిష్ తుడిచినట్టు నల్లగా అయ్యింది, కింద నుంచి పచ్చటి కొత్త ఇత్తడి మెరిసింది. అప్పుడు తిరగేసి చూస్తే కాళ్లు బిగించిన మరలకు తల మీద ప్లస్ గుర్తు. ఆ ప్లస్ తల మర లోకంలోకి వచ్చిందే 1930ల్లో. మన దగ్గర పల్లెల్లో పెట్టెలు చేసేవాళ్ల చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టి ఉంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, డబ్బు పోయినందుకు కాదు, తిరగేసి చూడాలన్న ఆలోచనే రానందుకు.

కాబట్టి ఇత్తడి పెట్టె చేతికి తీసుకోగానే పువ్వులు చూడకండి, తిరగేయండి. అడుగు చూడండి, లోపలి మూలలు చూడండి, బందు చూడండి. చేతులు పడిన పెట్టె చేతులు పడిన చోటే అరుగుతుంది. మూత ఎత్తడానికి బొటనవేలు ఆనే చోట, గొళ్లెం కొట్టుకునే చోట, అడుగున నాలుగు మూలల్లో లోహం నున్నగా పలచబడి ఉంటుంది, చెక్కిన తీగలు పైపైన అరిగి గాట్లలో మురికి మిగులుతుంది. అంతటా ఒకే నలుపు, ఒకే అరుగుదల కనిపిస్తే అనుమానించండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి, ఇత్తడికి అది అంటదు, అంటిందంటే లోపల ఇనుము, పైన పూత. బందు లోపలి పుల్ల ఇనుపదైతే అక్కడ అంటుకుంటుంది, అది తప్పు కాదు. రేకు ముడిచి చేసిన పాత సామానులో అతుకు దగ్గర పళ్లు పళ్లుగా ఒకదాంట్లో ఒకటి దూరినట్టు గీత కనిపిస్తుంది, అది చేతిపని జాడ.

కొత్తదే కావాలనుకుంటే కొత్తదని చెప్పి అమ్మేదే కొనండి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఇప్పటికీ చేత్తో కొట్టి పని చేస్తారు, నల్గొండ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. దొంగ పాతదాని కన్నా నిజమైన కొత్తది వెయ్యి రెట్లు నయం, ఇంకో యాభై ఏళ్లకు అది మీ మనవరాలి దగ్గర అసలు పాతదే అవుతుంది.

ఇక తోమడం. దీని మీద మా ఇంట్లోనే గొడవ. మా అత్తమ్మ చింతపండు పెట్టి తళతళా తోమితే తప్ప ఇత్తడి ఇత్తడే కాదంటుంది. పూజ సామాను వరకు ఆమె మాటే రైటు. కానీ నగిషీ ఉన్న పాత పెట్టెని ప్రతి శుక్రవారం తోమితే ప్రతిసారీ వెంట్రుకవాసి లోహం పోతుంది, పదేళ్లకు చిలకలు, లతలు చదునైపోతాయి. నేను పొడిబట్టతో తుడుస్తా, అంతే. పచ్చటి చిలుము పొడిలా రాలుతుంటే మాత్రం పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులిపి, ఆ తర్వాత రవ్వంత నూనె రాస్తా. కడగక తప్పకపోతే మన బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టకండి, నల్గొండ వైపు ఉప్పు నీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు పడి వదలవు. చివరికి ఒక్కసారి ఫిల్టర్ నీళ్లు పోసి వెంటనే తుడిచేయండి.

చెక్క పెట్టెల సంగతి వేరు. నా మనసు వీటి మీదే ఎక్కువ, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా.

మన దక్షిణ తెలంగాణలో దొరికే పాత చెక్క పెట్టెల్లో మూడు రకాలు ఎక్కువ. పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చే సందుగ, కిరాణా కొట్టులో సేటు ముందు ఉండే గల్లాపెట్టె, ధాన్యమో కంచు సామానో పోసుకునే పెద్ద భోషాణం. హాల్లో పెట్టుకోవడానికి నేనైతే గల్లాపెట్టెకే ఓటు వేస్తా. మూత ఏటవాలుగా ఉండి దాని మీద పద్దు రాసుకునే వీలు, మూత మధ్యలో నాణెం దూరే సందు, లోపల నోట్లకు ఒక అర, చిల్లరకు నాలుగు చిన్న అరలు, కొన్నిట్లో వాటి కింద ఇంకో దొంగ అర. ఆ చిల్లర అరల అడుగు చేత్తో తడిమి చూడండి, రూపాయలు గీరి గీరి గిన్నెలా గుంట పడి ఉంటుంది. ఆ గుంటను ఏ పాలిషూ కల్పించలేదు. పాతదో కాదో అక్కడే తేలిపోతుంది.

టేకా, జిట్టేగా అంటే, జిట్టేగి (రోజ్‌వుడ్) బరువు, రంగు ముదురు, ఊదా చారలు ఉంటాయి, ధర కూడా ఎక్కువ. టేకు తేలిక, దానిలోని నూనె వల్ల చెదలకు కొంత తట్టుకుంటుంది. మన ఎండలకు, ఏప్రిల్ మే నెలల్లో నలభై ఐదు దగ్గరికి వెళ్లే చోట, రెండూ నిలబడతాయి గానీ కిటికీ ఎదురుగా పెడితే రెండూ నెర్రెలు విచ్చుతాయి. వేపచెక్క పెట్టెలు కూడా పల్లెల్లో ఉంటాయి, పని మోటుగా ఉన్నా పురుగు తక్కువ, ధర తక్కువ, నాకు వాటి మీద చిన్నచూపు లేదు.

ఇక్కడ జరిగే మోసం ఏంటంటే పాత తలుపులు, దూలాలు కోసి కొత్తగా పెట్టెలు చేసి పాతవని అమ్మడం. చెక్క నిజంగా పాతదే, పెట్టె కాదు. అర్థంపర్థం లేని చోట పాత మేకు బెజ్జాలు మూసినట్టు కనిపిస్తే అనుమానించండి. లోపలి పలకల మీద వంపు వంపుగా రంపపు గీతలు ఉంటే అది మిషను రంపం కోత. చేతి రంపం గీతలు తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. మూలల్లో పలకలు ఒకదాంట్లో ఒకటి పళ్లలా దూర్చి బిగించి ఉంటాయి చూడండి, ఆ పళ్లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉంటే మిషను, ఒకటి లావు ఒకటి సన్నం ఉంటే వడ్లాయన చేయి. అట్లా చేసినదైనా ధర తగ్గించి నిజం చెప్పి ఇస్తే కొనుక్కోవచ్చు, దాంట్లో తప్పేం లేదు.

పురుగు విషయం అసలు మర్చిపోకండి. గుండుసూది తలంత బెజ్జాలు ఉంటే భయపడకండి, ఏనాటివో కావచ్చు. పెట్టెని ఒక నల్ల గుడ్డ మీద పెట్టి తట్టండి, నాలుగు రోజులు అట్లనే వదిలేయండి. గుడ్డ మీద పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. చిన్న పెట్టె అయితే పాలిథిన్ కవరులో గాలి చొరకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే చస్తుంది, తీశాక కవరు ఒక రోజు విప్పకండి, విప్పితే చెక్కకు చెమ్మ పడుతుంది. రంగులు వేసినవి, పైన పొదిగింపు ఉన్నవి ఫ్రీజర్‌లో పెట్టొద్దు. పెద్దదైతే పురుగుమందు కొట్టేవాళ్లని పిలవాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం చేయండి. పురుగు పోయిందని తేలేదాకా మీ తలుపులకు, మంచాలకు దూరంగా పెట్టండి. నేల మీద నేరుగా పెట్టకుండా కింద రెండు కడప రాయి ముక్కలు వేయండి, చెదలు మన దగ్గర నేల నుంచే ఎక్కుతాయి.

భోషాణం కొనేవాళ్లు ముందు టేపు తీసుకుని ఇంటి గుమ్మం, మెట్ల మలుపు కొలవండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ ఆటో ట్రాలీలో తెచ్చిన పెట్టెని మూడో అంతస్తుకు ఎక్కించలేక వెనక్కి పంపినవాళ్లు నాకు తెలుసు.

బిద్రీ గురించి చాలామంది అడుగుతారు, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ పని. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, అందుకే మహబూబ్‌నగర్, నల్గొండ పాత ఇళ్లలో కూడా అక్కడక్కడ బిద్రీ పాందాన్లు, హుక్కా అడుగులు కనిపిస్తాయి. లోహంలో జింకే ఎక్కువ, రాగి కొంచెం. పోత పోసి, గాట్లు చెక్కి, వాటిలో వెండి తీగనో రేకునో కొట్టి దిగ్గొట్టి, చివర్లో బీదర్ కోట మట్టిని నవాసాగరం అనే ఉప్పుతో కలిపిన నీళ్లలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. అసలైనదాని మీద కళ్లు మూసుకుని వేలు పోనిస్తే వెండి ఎక్కడ మొదలైందో తెలియదు. పైన వెండిరంగు పూసినదైతే అంచు తగులుతుంది. అయస్కాంతం దీనికీ అంటదు. కొనే ముందు ఒక్కసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాను చూసి రండి, మంచి పని ఎట్లా ఉంటుందో కంటికి అలవాటు కావాలి.

బిద్రీ ఎవరికి అంటే, ఇంట్లో చిన్నపిల్లలు లేనివాళ్లకు, ఒకే ఒక్క వస్తువు పెట్టి దాని చుట్టూ ఖాళీ వదలగలిగేవాళ్లకు. పోత లోహం కాబట్టి గచ్చు మీద పడితే పగిలిపోతుంది. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి ఏదీ తగలనీయొద్దు, నలుపు పోతుంది. కొబ్బరినూనె చుక్కతో తుడిస్తే చాలు.

రేకు డబ్బాలను పాత సామాన్ల ప్రేమికులు కొందరు లెక్కలోకి తీసుకోరు. నేను తీసుకుంటా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. ఇంగ్లండులో హంట్లీ అండ్ పామర్స్ అనే బిస్కెట్ల కంపెనీ 1868లో బొమ్మల డబ్బా తెచ్చిన దగ్గర్నుంచి ఈ రకం లోకమంతా పాకింది. మన ఇళ్లలో 1937లో వచ్చిన డాల్డా పసుపుపచ్చ డబ్బా, బిస్కెట్ డబ్బాలు, చాక్లెట్ డబ్బాలు, అమ్మల సూదీ దారం ఉండే గుండ్రటి నీలం డబ్బా, ఇవన్నీ ఆ వంశమే. తక్కువ డబ్బుకు దొరుకుతాయి, తప్పు చేసినా నష్టం కొంచెమే, నాలుగైదు కలిపి వంటింటి అరలో పెడితే కళ వస్తుంది. విలువంతా పైన ఉన్న అచ్చు రంగులోనే, కాబట్టి స్క్రబ్బర్ పెట్టి రుద్దకండి, ఎండలో పెట్టకండి. తుప్పు లోపల ఉంటే పర్లేదు, బొమ్మ ముఖం మీద ఉంటే ఆ డబ్బా కొనకండి. తినేవి నేరుగా పోయొద్దు, పాత రంగుల్లో, టంకంలో సీసం ఉండొచ్చు.

నిర్మల్ పెట్టెలు, ఏటికొప్పాక లక్క బరిణెలు, కాశ్మీరు కాగితపు గుజ్జు పెట్టెలు, ఇవి తేలిక, రంగుల పండుగ. బతుకమ్మ రోజుల్లో పసుపు కుంకుమ పంచడానికి ఏటికొప్పాక బరిణె చేతిలో ఉంటే ఎంత ముచ్చటగా ఉంటుందో! తడి తగలనీయకండి, ఎండ తగలనీయకండి, ఇంతకు మించి వీటికి చాకిరీ లేదు.

వెండి ఫిలిగ్రీ అయితే కరీంనగర్‌ది, తీగను జల్లెడలా అల్లి చేసే అత్తరు పెట్టెలు, కుంకుమ బరిణెలు. దీన్ని అలంకారానికి కన్నా పెట్టుబడిగా చూసేవాళ్లే ఎక్కువ, తూకం, మజూరీ విడివిడిగా రాయించుకోండి, చాలు.

ఒక్క రకం మాత్రం ఎంత అందంగా కనిపించినా ముట్టుకోకండి. దంతం పొదిగినవి. విశాఖపట్నంలో కుంఫిణీ కాలంలో గంధపు చెక్క మీద ఏనుగు దంతం తాపడం చేసి గొప్ప పెట్టెలు చేసేవారు, మ్యూజియంలో చూసి మురవాల్సినవే. వన్యప్రాణి చట్టం ప్రకారం దంతం అమ్మడం, కొనడం నేరం. 1972 నాటి పురావస్తువుల చట్టం ఇంకొకటి ఉంది, దాని ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును మనంతట మనం దేశం దాటించకూడదు. మన పిల్లలు సగం మంది అమెరికాలో ఉన్నారు కాబట్టి చెప్తున్నా, నాయనమ్మ పెట్టెను సూట్‌కేసులో పెట్టి పంపే ముందు పురావస్తు శాఖ నుంచి అది ఆ కోవలోకి రాదని సర్టిఫికెట్ తీసుకోండి.

ఎక్కడ వెతకాలంటే, నా వరుస ఇది. చుట్టాల ఇళ్లు, తర్వాత మన ఊళ్లోనే పాత ఇత్తడి, ఇనుము కొనే కొట్లు, వాళ్ల దగ్గర కరిగించడానికి పోయే ముందు కిలో లెక్కన దొరుకుతాయి. ఆ తర్వాతే హైదరాబాద్, అంటే ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్. ఆన్‌లైన్‌లో అయితే మూత తెరిచిన ఫొటో, అడుగు ఫొటో, బందు దగ్గరి ఫొటో, పక్కన స్కేలు పెట్టిన ఫొటో, బరువు, ఈ ఐదూ పంపనివాళ్ల దగ్గర కొనకండి.

ఇంట్లో పెట్టడం గురించి కొంచెం. గుంపుగా పెట్టాలంటే ఒకే లోహానివి చిన్నా పెద్దా మూడు చాలు, ఇత్తడి పక్కన బిద్రీ పెడితే రెండూ వెలవెలబోతాయి. సందుగను దివాన్ పక్కన టీ బల్లలా వాడొచ్చు, పైన అద్దం వేయండి గానీ మేకు కొట్టకండి, కింద రబ్బరు బిళ్లలు చాలు. సున్నం తెల్ల గోడ ముందు ముదురు చెక్క నిలిచినట్టు టేకు రంగు కబోర్డు ముందు నిలవదు. పెట్టె మీద పూలకుండీ వద్దు, నీళ్ల వలయం పడిందంటే పోదు.

చివరికి మా ఆడబిడ్డ గల్లాపెట్టే తీసుకుంది, బాదేపల్లిలో కొట్టు మూసేసిన ఒక పెద్దాయన దగ్గర. తాళంచెవి లేదు, ఆమె భర్త స్క్రూడ్రైవర్‌తో లేపబోతుంటే ఆపి, పాత తాళాలు చేసే ఆయన దగ్గరికి పంపించా, గంటలో కొత్త చెవి చేసిచ్చాడట. ఇప్పుడు నోట్ల అరలో కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, చిల్లర అరల్లో తాళంచెవులు, పిల్లల రబ్బరు బ్యాండ్లు. రోజుకు పదిసార్లు తెరుస్తున్నారు. మొన్న ఫొటో పంపింది, పెట్టె పడమటి కిటికీ కింద ఉంది. ఎండాకాలం రాకముందే అక్కడి నుంచి జరిపి లోపలి గోడకు పెట్టమని చెప్పా.